సైకిల్ హెల్మెట్: తలకు ఒక లెక్క, రోడ్డుకు మరో లెక్క

క్లుప్తంగా

సైకిల్ మీద నుంచి పడ్డప్పుడు హెల్మెట్ తలను కాపాడుతుందా? చాలావరకు కాపాడుతుంది. ఇందులో పెద్ద వివాదమేమీ మిగల్లేదు. అదే హెల్మెట్‌ను చట్టంతో తప్పనిసరి చేస్తే ఊరి రోడ్లు సైకిళ్లకు క్షేమంగా మారతాయా? దీనికి మాత్రం ఒక్కో దేశంలో ఒక్కో జవాబు వచ్చింది. రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే 'నెదర్లాండ్స్‌లో ఎవరూ పెట్టుకోరు కదా' అనేవారూ, 'బైకుకు తప్పనిసరి అయింది సైకిల్‌కు ఎందుకు కాదు' అనేవారూ ఒకరి మాట ఒకరికి ఎక్కకుండా వాదించుకుంటున్నారు. గ్లౌజులు చేసే మేలు చిన్నది, కానీ రోజూ పనికొచ్చేది.

ఒకే తెల్లవారుజాము, రెండు సైకిళ్లు

2023 అక్టోబరు 1న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. పైన సోలార్ పలకల కప్పు, మోటారు బళ్లకు ప్రవేశం లేదు. ఆదివారం పొద్దున అక్కడికి వచ్చేవారిలో హెల్మెట్, గ్లౌజులు, కళ్లద్దాలు అన్నీ తగిలించుకున్నవాళ్లు కొల్లలు. అదే వేళకు ఊళ్లో ఇంకో సైకిల్ తిరుగుతుంటుంది. హ్యాండిల్‌కు అటూ ఇటూ సంచులు, క్యారియర్ మీద పేపరు కట్టలు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చెయ్యి మడిచిన పేపరును మొదటి అంతస్తు బాల్కనీలోకి విసురుతూ ఉంటుంది. ఆ కుర్రాడి తలమీద ఏమీ ఉండదు. సైకిల్ వెనక దీపమూ ఉండదు. పక్కనుంచి సిటీ బస్సులూ ఇసుక లారీలూ దూసుకుపోతుంటాయి.

సామగ్రి అంతా లారీ రాని చోట చేరింది, లారీ వచ్చే చోట ఉత్త తలే మిగిలింది. ఈ తేడా గుర్తుంటే మిగతా వాదాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

చట్టం సంగతి చూస్తే, హెల్మెట్‌ను తప్పనిసరి చేసే మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత దాన్ని ఉల్లంఘిస్తే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు. తొక్కుడు సైకిల్ మోటారు వాహనం కాదు, దానికి లైసెన్సూ లేదు. కాబట్టి ఆ సెక్షన్ దాన్ని తాకదు. మన దగ్గర సైకిల్ హెల్మెట్ పూర్తిగా ఎవరికివారు తేల్చుకోవాల్సిన విషయం.

థర్మోకోల్ చేసే పని

టీవీ డబ్బాలో మూలలకు పెట్టి పంపే తెల్లటి థర్మోకోల్ అందరికీ తెలుసు. సైకిల్ హెల్మెట్‌లో ప్రాణం కాపాడే భాగం అదే పదార్థం, కాకపోతే ఇంకాస్త చిక్కగా పోతపోసింది. పైన మెరిసే ప్లాస్టిక్ పెంకు పల్చనిది. థర్మోకోల్ ముక్కలై చెదిరిపోకుండా పట్టి ఉంచడం, తారు మీద తల ఇరుక్కుపోకుండా జారనివ్వడం దాని పని. లోపలి స్పాంజి ముక్కలు మెత్తదనానికీ చెమటకూ మాత్రమే.

లెక్క చిన్నదే. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి ఏదైనా కింద పడితే, నేల తాకేసరికి దాని వేగం గంటకు సుమారు 19.5 కిలోమీటర్లు. సైకిల్ మీద కూర్చున్న మనిషి తల దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. ఉత్త తల కాంక్రీటుకు తగిలితే అణగడానికి ఉన్నది తలమీది చర్మం, అంటే కొన్ని మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే తల మీద పడే సగటు తాకిడి గురుత్వాకర్షణకు 500 రెట్లు. అదే తల 2 సెంటీమీటర్ల థర్మోకోల్‌ను నలగ్గొడుతూ ఆగితే 75 రెట్లు. అసలు దెబ్బలో తాకిడి క్షణక్షణానికీ మారుతుంది, శిఖరం సగటు కంటే పైనే ఉంటుంది. అయినా ఏ దిశగా ఎంత తేడా వస్తుందో ఈ లెక్క చూపిస్తుంది.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 పరీక్ష సరిగ్గా ఇలాంటిదే. లోహపు తలకు హెల్మెట్ తొడిగి, చదునైన దిమ్మె మీద సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. తాకిడి శిఖరం 250 రెట్లు దాటకూడదు. అమెరికాలో 1999 మార్చి నుంచి అమల్లో ఉన్న ప్రమాణంలో ఎత్తు 2 మీటర్లు, పరిమితి 300 రెట్లు.

'గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడికి 20 కిలోమీటర్ల పరీక్ష ఏం సరిపోతుంది?' అన్న అనుమానం సహజం. ముందుకు పోయే వేగం వేరు, కిందికి పడే వేగం వేరు. చక్రం జారి పక్కకు ఒరిగినవాడి తల నేలను గుద్దేది ప్రధానంగా కిందికి పడే వేగంతోనే. ముందుకు పోయే వేగం చాలామటుకు రోడ్డు మీద జారుడులో ఖర్చవుతుంది. గోడకో, ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీకో, ఎదురొచ్చే కారుకో గుద్దుకుంటే ఈ లెక్క చెల్లదు. సైకిల్ హెల్మెట్ తయారైంది పడిపోయేవాడి కోసం. కారు గుద్దినప్పుడు అది ఏమాత్రం పనిచేసినా అది అదనపు లాభమే.

నలిగిన థర్మోకోల్ మళ్లీ పొంగదు. బయటి పెంకు మీద చిన్న గీత తప్ప ఏమీ కనిపించకపోయినా లోపల గింజలు అణిగిపోయి ఉండొచ్చు. ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్‌ను తమ్ముడికి ఇవ్వడం కంటే చెత్తలో వేయడమే మంచిదని చెప్పేది ఇందుకే.

పెరుగు గిన్నె

తోడుకున్న పెరుగు గిన్నెను బల్ల మీద కాస్త గట్టిగా పెట్టినా పెరుగు చెదరదు. అదే గిన్నెను పట్టుకుని ఒక్కసారి గిర్రున తిప్పితే అంచుల దగ్గర విడిపోతుంది. మెదడుదీ ఇంచుమించు ఇదే తీరు. నేరుగా తగిలే దెబ్బను పుర్రె కొంత ఓర్చుకుంటుంది. ఏటవాలుగా తగిలి తల విసురుగా తిరిగితే మాత్రం లోపల మెదడు వెనకబడి సాగుతుంది, సన్నటి నరపు పోగులు దెబ్బతింటాయి. సైకిల్ మీద నుంచి పడటం ఎక్కువగా ఏటవాలుగానే జరుగుతుంది. ఈఎన్ 1078 మాత్రం తల తిరిగే తీరును కొలవదు.

ఈ లోటు పూడ్చడానికి స్వీడన్‌లో నరాల శస్త్రవైద్యుడు హాన్స్ ఫాన్ హోల్స్ట్, ఇంజనీరు పీటర్ హాల్డిన్ కలిసి చేసిన ఏర్పాటే మిప్స్. హెల్మెట్ లోపల తలకు ఆనుకుని జారే పల్చటి పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది 10 నుంచి 15 మిల్లీమీటర్లు కదిలి తిప్పుడులో కొంత భాగాన్ని తప్పిస్తుంది. పసుపు రంగు చుక్క గుర్తుతో ఇప్పుడు చాలా కంపెనీల హెల్మెట్లలో కనిపించేది ఇదే. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 2018 నుంచి సైకిల్ హెల్మెట్లకు నక్షత్రాలు ఇస్తోంది. దాని పరీక్షలో ఏటవాలు దెబ్బలు కూడా ఉంటాయి. ఆ పట్టికలో ఒక సంగతి గమనించాలి: ధరకూ నక్షత్రాలకూ నేరుగా లంకె ఉండదు.

ఇంట్లో ఉన్న బైకు హెల్మెట్ చాలదా?

బైకు హెల్మెట్‌లో థర్మోకోల్ మందంగా, ఇంకా పెద్ద దెబ్బలకు సరిపడేలా ఉంటుంది. బరువు కిలో దాటుతుంది. సైకిల్ హెల్మెట్ పావు కిలో నుంచి మూడు, నాలుగు వందల గ్రాములు. నాలుగు వీధుల దూరం అయితే ఉత్త తల కంటే బైకు హెల్మెట్ నయమే. కానీ సైకిల్ తొక్కేవాడే ఇంజను. మే నెల విజయవాడలో గాలి ఆడని కిలోన్నర డబ్బా పెట్టుకుని గంటసేపు తొక్కడం సాధ్యమయ్యే పని కాదు. చెవులు మూసుకుపోయి వెనకనుంచి వచ్చే హారన్ కూడా సరిగా వినపడదు. సైకిల్ హెల్మెట్‌కు అన్ని కంతలు ఉండేది అందం కోసం కాదు.

దీనికి సరిగ్గా ఎదురైన ప్రమాదం బొమ్మల దుకాణంలో ఉంది. స్కేటింగ్ సెట్‌తో పాటు రంగురంగుల పెంకు, లోపల వేలితో నొక్కితే అణిగిపోయే స్పాంజి. అది హెల్మెట్ ఆకారంలో ఉన్న టోపీ. లోపలి స్పాంజి ముక్క పీకి చూస్తే తెలిసిపోతుంది: కింద గట్టి థర్మోకోల్ ఉందా, ఉత్త ప్లాస్టిక్కా అని.

ఆసుపత్రుల నుంచి వచ్చిన అంకెలు

1989లో అమెరికాలోని సియాటిల్ ఆసుపత్రుల నుంచి వచ్చిన ఒక అధ్యయనం హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 85 శాతం తగ్గుతుందని చెప్పింది. ఆ అంకె ఎంతగా పాకిందంటే ఇప్పటికీ ప్రచార పత్రాల్లో కనిపిస్తుంది. ఒకే ఊరి లెక్క కావడం, హెల్మెట్ పెట్టుకునేవాళ్లు మామూలుగానే జాగ్రత్తపరులై ఉండే అవకాశం వల్ల ఆ అంకె మీద చాలా విమర్శ వచ్చింది.

2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒలివియర్, క్రైటన్ 40 అధ్యయనాలను, గాయపడిన 64 వేల మందికి పైగా సైక్లిస్టుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. తల గాయం ముప్పు 51 శాతం, తీవ్రమైన తల గాయం 69 శాతం, ప్రాణాంతకమైన తల గాయం 65 శాతం, ముఖ గాయం 33 శాతం తక్కువని తేలింది. 85 నుంచి 51కి దిగినా సగం ముప్పు పోవడం చిన్న సంగతి కాదు. హెల్మెట్ బరువుకు మెడ దెబ్బతింటుందన్న భయానికి ఆ విశ్లేషణలో ఆధారం దొరకలేదు.

ఒక హద్దు మాత్రం మరవకూడదు. ఇవన్నీ పడి, గాయపడి, ఆసుపత్రి దాకా వచ్చినవారి లెక్కలు. పడకుండా ఇంటికి చేరినవారి గురించి, హెల్మెట్ గోల ఎందుకని సైకిలే మానేసినవారి గురించి ఈ అంకెలు ఏమీ చెప్పవు.

రేసు కుర్రాళ్లు కూడా వద్దన్నారు

అతివేగంగా తొక్కే వృత్తి రేసర్లే హెల్మెట్‌ను చాలా ఆలస్యంగా ఒప్పుకున్నారు. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తప్పనిసరి చేయబోతే పారిస్-నీస్ రేసులో రేసర్లు ఎదురుతిరిగారు, సమాఖ్య వెనక్కి తగ్గింది. వేడి, బరువు, అలవాటు వాళ్ల కారణాలు. 1995 జులైలో టూర్ డి ఫ్రాన్స్‌లో పోర్టె దాస్పె కనుమ దిగుతూ ఇటలీ రేసర్ ఫాబియో కసర్టెల్లి పడి చనిపోయాడు, తలకు హెల్మెట్ లేదు. అప్పుడూ నిబంధన రాలేదు. 2003 మార్చిలో పారిస్-నీస్‌లోనే కజక్ రేసర్ ఆండ్రీ కివిలెవ్ తల గాయంతో చనిపోయాక, ఆ మే నెల నుంచి తప్పనిసరి అయింది. అదీ చివరి కొండ ఎక్కేటప్పుడు తీసేయొచ్చన్న మినహాయింపుతో. తర్వాత ఆ మినహాయింపూ పోయింది. ఇప్పుడు పాత రేసుల వీడియోల్లో ఉత్త తలలు చూస్తే కొత్త తరానికి వింతగా ఉంటుంది.

నిబంధనతో మరణాలు ఆగిపోలేదు. 2011లో ఇటలీ టూర్‌లో బెల్జియం రేసర్ వౌటర్ వెయ్‌లాండ్ కొండ దిగుతూ పడి చనిపోయినప్పుడు హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు.

చట్టం చేసిన చోట ఏమైంది

ప్రపంచంలో మొదట అందరికీ తప్పనిసరి చేసింది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, 1990 జులై 1న. ఆ మార్చిలో 31 శాతంగా ఉన్న వాడకం ఏడాది తిరిగేసరికి 75 శాతానికి ఎక్కింది. ఆసుపత్రుల్లో తల గాయాల కేసులు తగ్గాయి. రోడ్ల మీద సైకిళ్లు కూడా తగ్గాయి, ముఖ్యంగా హైస్కూలు వయసు పిల్లలవి. గాయాల తగ్గుదలలో హెల్మెట్ వాటా ఎంత, తొక్కేవాళ్లే తగ్గడం వాటా ఎంత అన్న గొడవ మూడు దశాబ్దాలు దాటినా తెగలేదు. సైకిల్ తొక్కడం వల్ల గుండెకు, చక్కెరకు జరిగే మేలు పెద్దది. కాబట్టి హెల్మెట్ వల్ల పది తలలు దక్కి, సైకిల్ మానేయడం వల్ల అంతకుమించిన ఆరోగ్యం పోతే లెక్క నష్టానికి వస్తుందన్నది వ్యతిరేకుల వాదన.

న్యూజిలాండ్ 1994లో అదే దారి పట్టింది. మెక్సికో సిటీ ఎదురు దారి పట్టింది: అద్దె సైకిళ్ల పథకం మొదలయ్యాక 2010లో నిబంధన ఎత్తేసింది. ఎక్కడో ఒక స్టాండులో సైకిల్ తీసుకుని ఇంకో స్టాండులో వదిలేసేవాడు హెల్మెట్ మోసుకు తిరగడు కదా. సియాటిల్ కథ ఇంకోలాంటిది. హెల్మెట్ వల్ల 85 శాతం మేలని చాటిన ఆ ఊరు ఉన్న కింగ్ కౌంటీయే (అక్కడి జిల్లా లాంటిది) 2022లో తన హెల్మెట్ నిబంధనను రద్దు చేసుకుంది. ఇళ్లు లేనివారికీ నల్లజాతివారికీ జరిమానాలు ఎక్కువగా పడుతున్నాయని తేలడమే కారణం. హెల్మెట్ మంచిది కాదని అక్కడ ఎవరూ అనలేదు, నిబంధన ఎవరి మీద పడుతోందో చూశారు. జపాన్ 2023 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవారూ పెట్టుకోవడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసింది, జరిమానా మాత్రం పెట్టలేదు.

మధ్యలో ఒక విచిత్రమైన అధ్యయనం. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఇయాన్ వాకర్ సైకిల్‌కు కొలత పరికరం బిగించి తానే తొక్కాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు వాహనాలు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా దాటాయని 2007లో ప్రకటించాడు. 'వీడికి హెల్మెట్ ఉందిలే' అని డ్రైవరు అనుకుంటాడన్నది దాని సారాంశం. ఆ అంకెలనే మళ్లీ విశ్లేషించిన ఇతరులు తేడా పట్టించుకోదగ్గది కాదన్నారు. ఒకే మనిషి, ఒకే దేశపు రోడ్లు. దీని మీద పెద్ద మేడ కట్టలేం.

నెదర్లాండ్స్‌ను చూపించే ముందు

డచ్చివాళ్లు హెల్మెట్ లేకుండా తొక్కుతారు, నిజం. అక్కడ పెద్ద రోడ్డు పక్కన సైకిల్‌కు విడిగా బాట ఉంటుంది, ఇళ్ల మధ్య వీధుల్లో కార్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు, కారు సైకిల్‌ను గుద్దితే నష్టపరిహారం బాధ్యత ముందు కారువాడి మీదే పడుతుంది. 1970లలో పిల్లల చావులపై తల్లిదండ్రులు వీధికెక్కడం ఇలాంటి ఏర్పాట్లకు పెద్ద ఊపునిచ్చింది. నిటారుగా కూర్చుని నింపాదిగా తొక్కే సైకిళ్లు కూడా అందులో భాగమే. హెల్మెట్ చేయాల్సిన పనిలో చాలా భాగాన్ని అక్కడ రోడ్డే చేస్తోంది. ఆ రోడ్డు లేని చోట ఆ ఉత్త తలను ఆదర్శంగా తీసుకుంటే సగం పాఠమే నేర్చుకున్నట్టు. బ్యాటరీ సైకిళ్ల మీద వేగంగా పోయే పెద్ద వయసువారు పడి తలకు దెబ్బలు తగిలించుకోవడం పెరిగాక, అక్కడి ప్రభుత్వం కూడా ఈ మధ్య హెల్మెట్ ప్రచారం మొదలుపెట్టింది.

గ్లౌజులు: తోలుకు రక్ష, ఎముకకు కాదు

పడేటప్పుడు చేతులు ముందుకు చాచడం మన ఇష్టంతో జరిగేది కాదు. శరీరం తనంతట తాను చేసే పని. అందుకే సైకిల్ గాయాల్లో అరచేయి చెక్కుకుపోవడం అతి మామూలు. కంకర నలుసులు చర్మంలో దిగబడతాయి. కడిగి తీయకపోతే చీము పడుతుంది, లేదంటే నల్లటి మచ్చై ఉండిపోతుంది. కుడి అరచేయి చెక్కుకుపోతే వారం రోజులు అన్నం కలుపుకోవడానికి కూడా రాదు. రెక్సినో తోలో కుట్టిన గ్లౌజు ఈ గాయాన్ని దాదాపు పూర్తిగా తప్పిస్తుంది. మణికట్టు ఎముక విరగడాన్ని మాత్రం ఆపలేదు. బరువంతా చేతి మీద పడినప్పుడు ఆ తాకిడి అరచేతి గుండా ముంజేతి ఎముకకే పోతుంది.

పడకపోయినా గ్లౌజుకు పని ఉంది. గంటల తరబడి హ్యాండిల్ మీద వాలినవారికి చిటికెన వేలు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలి వైపు అరచేతి మడమలో ఒక సన్నని సందులోంచి పోయే అల్నార్ నరం నొక్కుకుపోవడం దీనికి కారణం. సరైన చోట మెత్త ఉన్న గ్లౌజు ఆ ఒత్తిడిని పంచుతుంది. మెత్త మరీ మందమైతే హ్యాండిల్ లావెక్కినట్టై పిడికిలి ఇంకా బిగించాల్సి వస్తుంది, తిమ్మిరి పెరుగుతుంది. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే బరువు చేతుల మీదికి జారుతుంది. అలాంటప్పుడు ఎంత మంచి గ్లౌజు కొన్నా వృథా, పానా తీసుకుని సీటు సరిచేయాలి. బొటనవేలి మీద తువ్వాలు గుడ్డ లాంటి ముక్క కుట్టి ఉండేది నుదుటి చెమట తుడుచుకోవడానికి. మన ఎండలకు గ్లౌజులో అన్నిటికంటే ఎక్కువ వాడేది బహుశా ఆ ముక్కనే.

పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు

వెనక్కి జరిపి నుదురంతా కనిపించేలా పెట్టుకున్న హెల్మెట్ ముందుకు పడ్డప్పుడు దేనికీ పనికిరాదు. కనుబొమలకు రెండు వేళ్ల పైన అంచు ఉండాలి. పట్టీలు చెవి కింద ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. జడ వేసుకునే ఆడపిల్లలకు వెనక బిగింపు కింద జడకు చోటున్న రకం కావాలి, లేకపోతే హెల్మెట్ ముందుకు తోసుకొస్తుంది.

చిన్నపిల్లల విషయంలో ఒక తిరకాసు ఉంది. సైకిల్ దిగి, హెల్మెట్ తీయకుండానే జారుడుబల్లో చెట్టో ఎక్కితే, హెల్మెట్ ఎక్కడో ఇరుక్కుని పట్టీ మెడకు ఉరిలా బిగిసే ప్రమాదం ఉంది. యూరప్‌లో అలాంటి మరణాల తర్వాతే గట్టిగా లాగితే ఊడిపోయే బకిల్‌తో పిల్లలకు వేరే ప్రమాణం, ఈఎన్ 1080, పెట్టారు. సైకిల్ దిగగానే హెల్మెట్ తీయడం కూడా నేర్పాల్సిన అలవాటే.

మన రోడ్ల మీద లెక్క

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిల్ మీద ఉన్నవారు సుమారు 3 శాతం. శాతం చిన్నది, మనుషులు వేలల్లో. రోజూ బతుకుతెరువుకు తొక్కేవారిలో వాచ్‌మన్లు, కూలీలు, పాలు పోసేవారు ఉంటారు. మంచి హెల్మెట్ ధరకు ఇంకొంచెం కలిపితే పాత సైకిలే వస్తుందన్నది వాళ్ల లెక్క. అలాంటివారికి జరిమానా వేసే చట్టం వస్తే మొదట ఎవరి సైకిల్ ఆగుతుందో సియాటిల్ అనుభవం చెబుతోంది. బడికి వెళ్లే ఆడపిల్లలకు ప్రభుత్వాలు ఉచితంగా ఇచ్చే సైకిళ్లతో పాటే హెల్మెట్ కూడా ఇవ్వడం ఇంతకంటే సులువైన దారి, కనీసం ఖర్చు ఎవరిదో అక్కడ తేలిపోతుంది.

లారీ చక్రం ముందు 2 సెంటీమీటర్ల థర్మోకోల్ ఏమీ కాదు. అక్కడ పనికొచ్చేది లారీ డ్రైవరు కంటికి ముందే కనపడటం. చీకట్లో వెనక ఎర్ర దీపం, క్యారియర్ కింద రిఫ్లెక్టరు హెల్మెట్ కంటే చాలా చవక. పేపరు కుర్రాడి సైకిల్‌కు ఒకటే చేయగలిగితే, పెడళ్లకు అటూ ఇటూ ఉండే పసుపు రిఫ్లెక్టర్లు ఊడిపోయిన చోట మళ్లీ బిగించాలి. వెనకనుంచి చూస్తే క్యారియర్ రిఫ్లెక్టరు కదలని చుక్కలా ఉంటుంది, దూరం నుంచి రాయో స్తంభమో అనిపించొచ్చు. పెడల్‌వి పాదాలతో పాటు పైకీ కిందికీ ఆడుతుంటాయి. హెడ్‌లైటు వెలుగులో ఆ ఊగుడు చూడగానే అది తొక్కుతున్న మనిషి అని డ్రైవరుకు తెలిసిపోతుంది.